రాజుగారు పొదిగిన గుడ్లు

అనగనగా ఒక అడవిలో... ఆగండాగండి. కాళ్ళు చాపుకునేవాళ్ళు ఇప్పుడే చాపుకోండి. నీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగి రండి. మధ్యలో లేచారంటే కథ ఆపేసి వంటింట్లోకి పోతాను, ముందే చెప్తున్నా. అయిందా? సరే.

అనగనగా ఒక అడవిలో ఒక కొండ, ఒక లోయ, ఒక గుంట ఉండేవి. కొండ పేరు రాజుకొండ. దాని మీద సింహం ఉండేది. పేరు జూలప్ప మహారాజు. కొండ కింద ఇప్పలోయ. అక్కడ పెద్దరికమంతా ఎలుగుబంటిది. పేరు బూరయ్య. లోయకి అవతల, ఎండ పొడ కూడా సోకని పల్లంలో మంచుగుంట. అక్కడ అడవికోళ్ళు ఉండేవి.

సింహం కోళ్ళని తినదా అని అడక్కండి. ఈ కథలో తినదు. తినేస్తే నాకు కథ ఉండదు, మీకు నిద్ర రాదు.

మాఘమాసం వచ్చింది. మాఘంలో మాకులు కూడా వణుకుతాయంటారు పెద్దలు. మంచుగుంటలో చెట్లేం ఖర్మ, రాళ్ళు కూడా వణికాయి! ఆ చలిలో గరికమ్మ అనే కోడి గుడ్లు పెట్టింది. కిందటేడు కూడా పెట్టింది పాపం. ఒక్క పిల్ల కూడా లేవలేదు. మేతకి వెళ్ళి వచ్చేలోపు గుడ్లన్నీ మంచుగడ్డలైపోయాయి. అప్పుడు ఎంత ఏడ్చిందో! ఈసారి అలా కాకూడదని రెక్కలు ఎత్తకుండా కూర్చుంది. కూర్చుంటే ఆకలి. లేస్తే గుడ్లు చల్లబడతాయి. ఏం చేస్తుంది?

ఇలా కాదనుకుని, గుడ్ల మీద ఎండుగడ్డి కప్పి, పక్కింటి కోడిని కాసేపు కూర్చోబెట్టి, రెక్కలు టపటపలాడించుకుంటూ రాజుకొండకి పోయింది.

రాజుకొండ మీద ఉడుకుగుండం ఉంది. నేలలోంచి సలసలా కాగే నీళ్ళు వాటంతటవే ఊరే గుండం అది. రాజుగారు రోజూ దాని అంచున గోరువెచ్చటి చోట తోక ముంచుకుని "ఆహా" అనేవారు. మిగతా నీళ్ళన్నీ పొంగి రాళ్ళ పాలయ్యేవి.

"మహారాజా! ఆ నీళ్ళు ఊరికే పోతున్నాయి. వెదురు బొంగుల్లో మా గుంటదాకా పారించారంటే నా గుడ్లు బతుకుతాయి. కిందటేడు ఒక్కటీ దక్కలేదు, నా కడుపు తీపి మీకు తెలియనిదా!" అంది గరికమ్మ.

రాజుగారి మనసు మంచిదే. నోరే కాస్త పెద్దది.

"ఓస్, ఇంతేనా? మేస్త్రీ!" అని గర్జించారు.

కొంగ మేస్త్రి పరుగెత్తుకు వచ్చాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒక కన్ను మూశాడు. ముక్కు ఎటు చూపిస్తే అటు గీత గీశాడు. కొండ నుంచి లోయ మధ్యగా గుంటదాకా ఒకటే గీత. వంకరన్నది లేదు.

"శభాష్! రేపే తవ్వించు" అన్నారు రాజుగారు.

మర్నాడు కొంగ మేస్త్రి అడవిపందుల దండుని వెంటేసుకుని ఇప్పలోయకి దిగాడు. పందులకి తవ్వడమంటే పండగ కదా!

ఇప్పలోయలో ఒక ఆచారం ఉంది. పైవాళ్ళెవరు వచ్చి గుంట తవ్వాలన్నా, ముందు లోయ పెద్దతో కూర్చుని దొన్నెడు ఇప్పపువ్వు తినాలి. తింటూ ఎందుకొచ్చారో చెప్పాలి. వాళ్ళు చెప్పేది వినాలి. అప్పుడు తవ్వాలి. బూరయ్య దొన్నె పట్టుకుని ఎదురొచ్చాడు.

"రా మేస్త్రీ, కూర్చో. తిని మాట్లాడుకుందాం."

"రాజుగారి ఆజ్ఞకి ఇప్పపువ్వెందుకయ్యా? అడ్డం లే!" అన్నాడు కొంగ.

బూరయ్య మొహం కందగడ్డ అయింది. "అలాగా? అయితే ఈ నేల మీద నా మాట లేకుండా గడ్డిపోచ కూడా కదలదు. తవ్వుకో, చూస్తా!" అన్నాడు.

కొంగ తిననన్నాడు గానీ, పందులు ఎందుకు మానతాయి? ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వుని లోయవాళ్ళు కుండల్లో నానబెట్టుకుంటారు. కొన్ని కుండల్లో అది పులిసిపోయి ఉంది. పందులు వాసన పట్టాయి. చాటుగా మూతులు పెట్టాయి. కుండలు ఖాళీ!

ఇక చూడండి వాటి తవ్వకం! ఒకటి అటు తవ్వింది, ఒకటి ఇటు తవ్వింది. ఒకటి పాట పాడుతూ తను తవ్విన గోతిలో తనే పడుకుంది. పొద్దు వాలేసరికి గీత లేదు గీ లేదు, గుండ్రంగా గాజులాగా ఒక పెద్ద కందకం! మధ్యలో కొంగ మేస్త్రి ఒంటికాలి మీద నిలబడి "సూటిగా! సూటిగా రా!" అని అరుస్తూ ఉన్నాడు. పాపం, అరిచి అరిచి గొంతు పోయింది.

నవ్వకండి. ఇంకా ఉంది.

మర్నాడు పందుల మత్తు దిగింది. ఈసారి సూటిగానే తవ్వాయి. మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీశాయి. లేచి చూస్తే కాలువ లేదు! బూరయ్య పంపిన ముళ్ళపందులు వచ్చి చక్కగా పూడ్చేసి, పైన కాళ్ళతో తొక్కి, ఊడ్చి మరీ పోయాయి. పందులు మళ్ళీ తవ్వాయి. ముళ్ళపందులు మళ్ళీ పూడ్చాయి. తవ్వడం, పూడ్చడం. పూడ్చడం, తవ్వడం. చివరికి తవ్వేవాళ్ళూ పూడ్చేవాళ్ళూ స్నేహితులైపోయారు.

"బావా, ఇవాళ కాస్త లోతు తక్కువ తవ్వు, నాకు నడుం పట్టేసింది" అనేది ముళ్ళపంది.

"దానికేం భాగ్యం బావా, కూర కొంచెం ఇటు వెయ్యి" అనేది అడవిపంది.

అందరికీ చేతినిండా పని. పని మాత్రం కాలేదు.

గుంటలో గరికమ్మ రోజులు లెక్కపెట్టుకుంటోంది. గుడ్లలో పిల్లలు కదలడం మొదలైంది. చెవి పెడితే లోపల చిన్నగా దడదడ. ఇప్పుడు గనక చలి తగిలిందా, ఇంతే సంగతులు! కొండకి పోయి రాజుగారి కాళ్ళ మీద పడింది. లోయకి పోయి బూరయ్య కాళ్ళ మీద పడింది.

"బూరయ్య మామా, నా పిల్లల్ని చూసైనా ఒప్పుకో" అంది.

"నీ మీద నాకేం కోపం లేదే తల్లీ. నీళ్ళు రావాలి. కానీ నా లోయలో బొంగు నా వాళ్ళే వెయ్యాలి. నేను చెప్పిన దారినే వెయ్యాలి" అన్నాడు బూరయ్య.

"వేసుకోమను! పొలిమేర దాకా నేను వేస్తాను. నా బొంగు మాత్రం జానెడు కూడా వంగదు" అన్నారు రాజుగారు.

హమ్మయ్య అనుకుంది గరికమ్మ. ఎక్కడి హమ్మయ్య!

రాజుగారి బొంగు కొండ మీద నుంచి సూటిగా వచ్చి కొండకీ లోయకీ నడుమనున్న పొలిమేర రాళ్ళ దగ్గర ఆగింది. బూరయ్య బొంగు గుంట నుంచి బయల్దేరి ఈ గుమ్మం ముందు నుంచి, ఆ గుమ్మం ముందు నుంచి, పాములా మెలికలు తిరిగి అదే పొలిమేర దగ్గరికి వచ్చింది. రెండు బొంగులకీ నడుమ బారెడు ఎడం మిగిలింది!

"నీ బొంగు ఇటు జరుపు" అన్నారు రాజుగారు.

"నీ బొంగే అటు జరుపు" అన్నాడు బూరయ్య.

ఇద్దరూ జరపలేదు. పైగా ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు! వడ్రంగిపిట్టలు డప్పు వాయించాయి. అడవంతా వచ్చింది. రాజుగారు రాయెక్కి, "ఈ అడవిలో వెచ్చదనం ఇచ్చేది ఎవరు? నేను! వేడి బాధ్యత ఎవరిది? నాది!" అన్నారు. బూరయ్య ఇంకో రాయెక్కి, "ఈ లోయ దాటి ఏ వేడి పోవాలన్నా అది నా చేతి మీదుగానే! బాధ్యత నాది!" అన్నాడు. ఇద్దరూ ఎడానికి అటొకరు ఇటొకరు నిలబడి దండలు వేయించుకున్నారు.

"వదలండి నీళ్ళు!"

వదిలారు. బుస్సుమంటూ వచ్చాయి. బొంగు చివర నుంచి ఎగిరి రాజుగారి మొహం మీద ఫెడీమని కొట్టి, అక్కడి నుంచి బూరయ్య పొట్ట మీద పడ్డాయి. "అమ్మో అమ్మో కాలిందిరో!" ఒకటే గంతులు! ఆవిరి విడిపోయాక చూస్తే, రాజుగారి జూలు తడిసి పీచులా వేలాడుతోంది. ఇదా మన రాజు, పిల్లిలా ఉన్నాడే అని చిలకలు గుసగుసలాడాయి. బూరయ్య బొచ్చు ఉబ్బి దూదిమూటలా అయింది. అడవంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

ఒక్క గరికమ్మ నవ్వలేదు. గుంటకి చుక్క నీరు రాలేదు.

"నీ వల్లే!" అన్నారు రాజుగారు.

"నీ వల్లే!" అన్నాడు బూరయ్య.

గరికమ్మకి అప్పుడొచ్చింది కోపం. మామూలు కోపం కాదు. ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. సరాసరి ఇంటికి పోయింది. గుడ్లన్నీ ఎండుగడ్డిలో చుట్టి, తన ఈకలే పీకి మధ్యలో కూరి, గంపలో పెట్టింది. పొరుగునున్న కొండముచ్చు కోటప్పని పిలిచి గంప అతని నెత్తికెత్తింది.

"తూలావంటే తోక కొరికేస్తా" అంది.

కోటప్ప ఊపిరి బిగబట్టి పొలిమేర దాకా మోశాడు. రాజుగారూ బూరయ్యా ఇంకా అక్కడే అరుచుకుంటున్నారు. గరికమ్మ సరిగ్గా పొలిమేర రాళ్ళ మీద గడ్డి పరిచి గూడు కట్టింది. గుడ్లు దించింది. కొన్ని కొండవైపు ఉన్నాయి. కొన్ని లోయవైపు ఉన్నాయి. ఒక గుడ్డు మాత్రం దొర్లి దొర్లి సరిగ్గా పొలిమేర గీత మీద ఆగింది.

"మహారాజా, వేడి బాధ్యత ఎవరిదన్నారు?" అంది గరికమ్మ.

"నాదే! అనుమానమా?"

"బూరయ్య మామా, నువ్వేమన్నావు?"

"నాదేనన్నాను. ఇప్పుడూ అంటున్నాను!"

"మంచిది. మీ గొడవ తేలేదాకా నా గుడ్లు ఆగవు. రండి. కూర్చోండి. పొదగండి."

అడవంతా చూడ్డానికి ముందుకి జరిగింది!

"పొ... పొదగడమా? నేను రాజుని!" అన్నారు రాజుగారు.

"అందుకే. వెచ్చదనం మీదైతే పొదుగుడూ మీదే. కాదంటే కాదని అడవి ముందు చెప్పి వెళ్ళండి, నేను ఇంకెవరినైనా అడుక్కుంటాను."

రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు. కాదంటే పరువు పోతుంది. అవునంటే మూతి మీది మీసం పోతుంది. చివరికి నాలుగు కాళ్ళూ ముడుచుకుని, పొట్టకింద బొచ్చు పరిచి, మెల్లిగా కొండవైపు గుడ్ల మీద కూర్చున్నారు. అది చూసి బూరయ్య ఊరుకుంటాడా? ధబ్బున వచ్చాడు.

"మెల్లిగా!" అని అరిచింది కోడి.

మెల్లిగా కూర్చున్నాడు. ఒకరికి ఒకరు వీపు చూపించుకుని, మొహాలు అటొకరు ఇటొకరు పెట్టుకున్నారు.

"మరి మధ్యలో గుడ్డు?" అంది కోటప్ప తోక పట్టుకుని వేలాడుతున్న కొండముచ్చు పిల్ల.

"అది గీత మీదుంది. నీ పక్కదే" అన్నారు రాజుగారు.

"కాదు కాదు, నీ పక్కదే" అన్నాడు బూరయ్య.

గరికమ్మ ఒళ్ళు మండిపోయింది. "ఓహో! పెత్తనం అంటే గీతకి ఈ పక్కదీ నాదే, ఆ పక్కదీ నాదే! గుడ్డు అనేసరికి నీదంటే నీదా? సిగ్గు లేదూ మీ ఇద్దరికీ! అది చల్లబడుతోంది, చేయి పెట్టి చూడండి!" అంది. అంటూనే ఏడ్చేసింది.

రాజుగారు పంజా పెట్టి చూశారు. గుడ్డు చల్లగా ఉంది. మెల్లిగా వెనక్కి జరిగారు. బూరయ్యా జరిగాడు. వీపుకి వీపు ఆనింది. గుడ్డు ఇద్దరి నడుమ వెచ్చగా ఒదిగింది.

"ఇంకో మాట" అంది గరికమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరు ముందు లేస్తే, వేడి బాధ్యత వాళ్ళది కాదన్నట్టే. అడవంతా చూస్తోంది."

ఇంకెవరు లేస్తారు? ముక్కు మీద ఈగ వాలినా రాజుగారు లేవలేదు. వీపు దురద పెట్టినా బూరయ్య లేవలేదు.

"కాస్త... ఎడం పక్కన గోకవయ్యా" అన్నారు రాజుగారు చివరికి.

"ముందు నాది" అన్నాడు బూరయ్య.

ఇద్దరూ వీపులు రుద్దుకున్నారు. హాయిగా ఉంది. పొద్దెక్కింది. ఆకలేసింది. బూరయ్య పెళ్ళాం దొన్నెల్లో ఇప్పపువ్వు తెచ్చింది. పులిసింది కాదులెండి, తాజాగా నానబెట్టిందే. ఎదురుగా అంత పెద్దమనిషిని పెట్టుకుని మొగుడికొక్కడికే ఎలా పెడుతుంది? రాజుగారికీ ఓ దొన్నె ఇచ్చింది.

రాజుగారు ఒకటి తిన్నారు. ఇంకోటి తిన్నారు. "అబ్బ, ఎంత తియ్యగా ఉంది! మా కొంగ ఎందుకు వద్దన్నాడు?" అన్నారు.

"అది మీ కొంగనే అడగండి. తిని ఉంటే ఆనాడే చెప్పేవాణ్ణి" అన్నాడు బూరయ్య.

"ఏం చెప్పేవాడివి?"

"మీ గీత మా చేపల మడుగు మీదుగా పోతోంది రాజా. వెదురన్నాక ఎప్పుడో చీలుతుంది. ఆ మరుగునీళ్ళు మడుగులో పడితే చేపపిల్లలన్నీ పులుసైపోవూ? నీటికుక్కలు ఏం తిని బతుకుతాయి?"

రాజుగారు నమలడం ఆపేశారు. "అయ్యో! నాకు తెలియదే. ముందే చెప్పొచ్చుగా!"

"ముందు అడగొచ్చుగా!"

ఇద్దరూ చెరో ఇప్పపువ్వు నోట్లో వేసుకున్నారు. తర్వాత రాజుగారు గొంతు సవరించుకున్నారు.

"సరే, తప్పు నాదే. మరి ఒకటడుగుతాను, ఏమనుకోకు. మడుగు తప్పించడానికి ఒక్క మలుపు చాలు కదా. నీ బొంగు అన్ని మెలికలు తిరిగిందేం? అన్ని మెలికలు తిరిగితే గుంటకి చేరేసరికి నీళ్ళు చల్లారిపోవూ?"

బూరయ్య నేల చూపులు చూశాడు. "అదీ... మొదటి మెలిక మా అత్తగారి గుమ్మం ముందుకి. వేడి తన గుమ్మం ముందు నుంచి పోకపోతే ఊరుకోనంది. రెండోది మా బావమరిది గుమ్మానికి. ఆ తర్వాత ఊళ్ళో అందరూ మాకూ అన్నారు."

రాజుగారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయారు. పొట్ట అదిరింది.

"నవ్వకండి, గుడ్లు!" అని అరిచింది గరికమ్మ.

"నవ్వడం లేదు, నవ్వడం లేదు" అంటూనే రాజుగారి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. బూరయ్య కూడా నవ్వేశాడు. వీపుకి వీపు ఆని ఉంది కదా, ఒకరి నవ్వు ఇంకొకరికి పాకింది.

అంతే, పిలవండి కొంగని! కొంగ మేస్త్రి వచ్చి, దొన్నెడు ఇప్పపువ్వు తిని, లెంపలేసుకుని, ముళ్ళపంది చూపించిన చోట ఒకే ఒక్క మలుపు గీశాడు. జీవితంలో మొదటిసారి వంకరగీత గీశాడు, పాపం చెమటలు పట్టేశాయి. అడవిపందులు తవ్వాయి. ముళ్ళపందులు ఈసారి బొంగులు పరిచాక పూడ్చాయి. బూరయ్య అత్తగారు గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెడుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

"నీళ్ళు పారాయి! మంచుగుంటలో ఆవిరి లేస్తోంది!" అని చిలకలు అరుచుకుంటూ వచ్చాయి.

ఇద్దరూ లేవబోయారు. అప్పుడే రాజుగారు "హిహిహి!" అన్నారు. అందరూ బిత్తరపోయారు.

"కితకితలు! పొట్టకింద ఏదో పొడుస్తోంది! హిహిహి! అమ్మో, అమ్మో!"

పెంకు టప్పుమంది. రాజుగారి బొచ్చులోంచి పసుపుపచ్చని తల ఒకటి "కియ్!" అంది. బూరయ్య కింద ఇంకోటి "కియ్!" అంది. ఒకటి, ఇంకోటి, మరోటి! గరికమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అటు ఉరికింది, ఇటు ఉరికింది.

కానీ మధ్యలో గుడ్డు కదల్లేదు.

మొదట్లో చల్లబడింది అదే కదా. గరికమ్మ చెవి ఆనించింది. చప్పుడు లేదు. మొహం వాడిపోయింది. "పోనీలెండి మహారాజా. ఇన్ని దక్కాయి. మీరిక లేవండి" అంది చిన్న గొంతుతో.

రాజుగారు లేవలేదు. బూరయ్య లేవలేదు.

"ఇంకాస్త దగ్గరికి జరుగు బూరయ్యా" అన్నారు రాజుగారు.

"జరిగాను రాజా. మీ జూలు ఇటు కప్పండి" అన్నాడు బూరయ్య.

అడవంతా ఊపిరి బిగబట్టింది. వడ్రంగిపిట్టలు కూడా ముక్కులు మూసుకున్నాయి. చాలాసేపటికి... టిక్. మళ్ళీ టిక్. పెంకు చీలింది. ముద్దలా తడిసిన బుల్లి పిల్ల ఒకటి బయటికొచ్చి, ఇటు రాజుగారిని చూసింది, అటు బూరయ్యని చూసింది. ఎవరు పెద్దో తేల్చుకుంటుందేమోనని అందరూ మెడలు చాచారు. అది తీరిగ్గా పొలిమేర రాయి ఎక్కి, అటు కొంత ఇటు కొంత రెట్ట వేసింది!

అడవి అదిరిపోయేలా నవ్వారు. రాజుగారే అందరికంటే గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత ఇంకో చిక్కొచ్చింది. గరికమ్మ "కొక్కొక్" అని పిలిస్తే ఒక్క పిల్లా రాదు! కొన్ని రాజుగారి తోక వెంట, కొన్ని బూరయ్య కాళ్ళ వెంట. ఏం చేస్తారు, ఇద్దరూ ముందు నడుస్తూ పిల్లలన్నిటినీ మంచుగుంట దాకా దిగబెట్టారు. అక్కడ వెచ్చని నీళ్ళ ఒడ్డున గరికమ్మ రెక్కలు చాచి కూర్చుంది. పిల్లలు కాసేపు తటపటాయించి, ఒకటి తర్వాత ఒకటి రెక్కల కిందికి దూరాయి. చివర్న మధ్యగుడ్డు పిల్ల కూడా దూరింది. గరికమ్మ కళ్ళు మూసుకుంది. కిందటేడు నుంచి ఆమె అలా కళ్ళు మూసుకోలేదు.

ఆనాటి నుంచి ఆ అడవిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వెచ్చదనం ఎవరెవరికి చేరాలో రాజుకొండ చూడాలి, ఎవరినీ వదలకూడదు. అది ఏ దారిన పోవాలో ఆ దారిలో బతికేవాళ్ళు చెప్పాలి, ఊరికే అడ్డు పడకూడదు. ముందు ఇద్దరూ కూర్చుని ఇప్పపువ్వు తినాలి. మరి మళ్ళీ గొడవ రాలేదా అంటారా? ఎందుకు రాదు, వస్తూనే ఉంటుంది. "నాదంటే నాది" అని గొంతులు లేచేసరికి కొండముచ్చు కోటప్ప చెట్టెక్కి ఒకే కేక వేస్తాడు:

"గుడ్లు తెండర్రా!"

అంతే. రాజుగారూ బూరయ్యా ఆ కితకితలు తలుచుకుని పొట్టలు పట్టుకుని, అక్కడికక్కడే కూర్చుని మాట్లాడేసుకుంటారు.

నీతి: పెత్తనం నాదన్నవాడు బరువు కూడా నాదనాలి, ఇద్దరు పెద్దల పంతం మధ్య చల్లబడేది ఎప్పుడూ చిన్నవాళ్ళ గూడే.